పప్పుడబ్బాలో దాచిన కంప్యూటర్

తెర మీద మొదటి అక్షరాలు కనిపించేసరికి కింద వీధిలో వ్యాను హారన్ మోగింది. అక్షరాలు ఆకుపచ్చగా ఉన్నాయి. పైన ఎడమ మూలలో, తనకు మెమరీ ఎంత ఉందో తనే లెక్కపెట్టుకుంటున్నట్టు అంకెలు పెరుగుతూ పోతున్నాయి. బావ కుర్చీలోంచి సగం లేచి అక్కడే ఆగిపోయాడు. అక్క వంటింటి గుమ్మంలో తడి చేతులతో నిలబడి చూస్తోంది.

అంకెలు ఆగాయి. ఫ్లాపీ డ్రైవు ఒకసారి గుర్రుమంది. దాని దీపం వెలిగి ఆరింది. తర్వాత ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చింది. దాని కింద చిన్న గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ నిలబడింది.

"ఏమంటాండాది?" అంది అక్క.

"డిస్కు పెట్టమంటోంది," అన్నాను.

"పెట్టండి మరి."

మా దగ్గర డిస్కు లేదు. కింద మళ్ళీ హారన్ మోగింది.

ఆ ఉదయం మేం ముగ్గురం కువైట్ వదిలి పోవాలి. బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్‌కు పోయే బస్సులో మా కుటుంబానికి ఒక్క పెట్టెకే చోటు. ఆ చోటు బావ కొత్తగా బిగించిన ఈ కంప్యూటర్‌కా, అక్క కుట్టుమిషన్‌కా అన్నది ఈ తెరే తేల్చాలి. వ్యాను వచ్చేలోపు కంప్యూటర్ నడిస్తే కంప్యూటర్, నడవకపోతే కుట్టుమిషన్. పందెం అది.

మేముండేది ఫహాహీల్‌లో, సముద్రానికి కాస్త ఇవతల, మూడో అంతస్తులో. బావ అహ్మదిలో చమురు పనులు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర టెక్నీషియన్. ప్రెషర్ గేజీలు, మీటర్లు విప్పి, బాగుచేసి, మళ్ళీ బిగించడం ఆయన పని. నేను సిటీలో ఒక ఇంగ్లీషు దినపత్రికలో సబ్ ఎడిటర్‌ని. పెళ్ళికాని తమ్ముణ్ణి కనుక అక్కా వాళ్ళ హాల్లోనే నా మంచం. అక్క ఇంట్లో బట్టలు కుట్టేది. కడప వైపు నుంచి వచ్చి అరబ్బుల ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు శుక్రవారం పూట వాళ్ళ మామా దగ్గర, అంటే ఇంటి యజమానురాలి దగ్గర, సెలవడిగి వచ్చి జాకెట్లకు కొలతలిచ్చి పోయేవాళ్ళు. ఆ పూట మా హాల్లో నాకు చోటుండేది కాదు. మెట్ల మీద కూర్చుని పాత పత్రికలు చదువుకునేవాణ్ణి.

కంప్యూటర్ అంటే ఆ రోజుల్లో ఆఫీసులో అద్దాల గదిలో చల్లగా కూర్చునే వస్తువు. బావ ఆఫీసులోనూ ఒకటి దిగింది. దాన్ని టెక్నీషియన్లు ముట్టుకోకూడదన్నారు. అక్కడే ఆయనకు పంతం పుట్టింది. "గేజీ విప్పితే గేజీ అర్థమైతాది. విప్పనీకుండా అర్థం చేసుకోమంటే ఎట్ల?" అనేవాడు. హవల్లీ అంగళ్ళలో విడిభాగాలు అమ్ముతారని తెలిసి, ఒక నెల ఖాళీ రేకు డబ్బా, ఒక నెల తెర, ఒక నెల ఫ్లాపీ డ్రైవు, ఒక నెల కరెంటు సప్లై పెట్టె తెచ్చుకున్నాడు. అన్నీ మంచం కింద చేరాయి. చివరికి, మిగతావన్నీ వచ్చి తగులుకునే పెద్ద బోర్డు తెచ్చాడు. కంప్యూటర్‌ను నడిపే డిస్కులు మాత్రం ఒక స్నేహితుడి చేత రాయించుకుని ఆఫీసు సొరుగులో పెట్టుకున్నాడు. వచ్చే శుక్రవారం కూర్చుని బిగిద్దాం అన్నాడు.

ఆ శుక్రవారం రాకముందే ఇరాక్ సైన్యం వచ్చింది.

దాని గురించి చాలామంది రాశారు. నేను చూసింది చాలా చిన్న ముక్క. మా పత్రిక మూతబడింది. బావ ఆఫీసు గేటు ముందు సైనికులు నిలబడ్డారు. ఆ సొరుగూ, అందులోని డిస్కులూ గేటుకు అవతల ఉండిపోయాయి. కొన్నాళ్ళకు ఇళ్ళు సోదా చేస్తున్నారని, టీవీలూ కంప్యూటర్లూ మోసుకుపోతున్నారని కబురు వచ్చింది. బావ రేడియో కోసం దిగులు పడలేదు, టీవీ కోసమూ దిగులు పడలేదు. మంచం కింద సామాన్లు చూసుకుని నీరుగారిపోయాడు.

దాచడమంటే మాకు తెలిసిన చోటు ఒకటే, వంటిల్లు. దుకాణాలు ఖాళీ అవుతాయని అక్క అప్పటికే దొరికినంత కందిపప్పు, బియ్యం కొని పెట్టింది. పెద్ద బోర్డునూ, తెరకు బొమ్మ పంపే కార్డునూ అవి వచ్చిన మెరుపు ప్లాస్టిక్ సంచుల్లోనే ఉంచి, బావ కందిపప్పు డబ్బాలో నిలువుగా దించి పైన పప్పు పోశాడు. సప్లై పెట్టె, ఫ్లాపీ డ్రైవు బియ్యం బస్తాలోకి పోయాయి. తెరను గోడవైపు తిప్పి, పైన దుప్పటి వేసి, దుప్పటి మీద ఇస్త్రీపెట్టె పెట్టాం. కంప్యూటర్ ఖాళీ డబ్బా ఎవరికీ అక్కరలేని రేకు కనుక దాన్లో ఉల్లిగడ్డలు పోశాం.

సైనికులు వచ్చారు. ఇద్దరూ చిన్నవాళ్ళు. ఒకడు టీవీ దగ్గర నిలబడ్డాడు. రెండోవాడు వంటింట్లోకి వచ్చి పప్పుడబ్బా మూత తీసి, "షినూ హాదా?" అన్నాడు, ఇదేంటని. "అదస్, అదస్," అంది అక్క. పప్పుకు ఆమెకు తెలిసిన అరబ్బీ అంతే. వాడు మణికట్టు దాకా చెయ్యి లోపలికి దూర్చాడు. బావ ముఖం నేను చూడలేకపోయాను. వాడు వెంటనే చెయ్యి బయటికి లాగి, వాసన చూసుకుని, ముఖం వికారంగా పెట్టి, మా కర్టెన్‌కు చెయ్యి తుడుచుకుని వెళ్ళిపోయాడు. టీవీ పోయింది. మిగతావి ఉండిపోయాయి.

వాడి చెయ్యి ఎందుకు జిడ్డయిందో ఆ వేళ మాలో ఎవరమూ ఆలోచించలేదు.

ఊరు కొంచెం సద్దుమణిగాక, చేసేందుకు పనేమీ లేని రోజుల్లో, బావ ఒక్కొక్కటే బయటికి తీసి బిగించడం మొదలుపెట్టాడు. బయటికి వెలుగు కనపడకూడదని మా హాలు కిటికీకి మా పత్రిక పాత కాగితాలే అంటించి ఉన్నాయి. బల్బు కింద కూర్చుని పని. నేను పక్కన కూర్చుని స్క్రూలు అందించేవాణ్ణి, ప్రశ్నలు వేసేవాణ్ణి. తెలియని చోట ప్రశ్న వెయ్యడమే మా వృత్తి కదా.

అన్నీ బిగించి, పక్కనున్న పెద్ద ఎర్ర స్విచ్చు వేశాడు. ఫ్యాను తిరిగింది. ముందున్న దీపం వెలిగింది. తెర నల్లగా ఉంది. కాసేపు చూశాం. నల్లగానే ఉంది.

బావ తన మీటరు తెచ్చి సప్లై వైర్లు కొలిచాడు. కరెంటు సరిగానే వస్తోంది. సప్లై పెట్టె వెనక మన కరెంటుకో అమెరికా కరెంటుకో మార్చుకునే చిన్న మీట ఉంటుంది. అది కూడా సరైన వైపే ఉంది. బోర్డులోకి పోయే రెండు ప్లగ్గుల నల్ల వైర్లు పక్కపక్కన రావాలట, అవీ అలాగే ఉన్నాయి. తెర తప్పేమో అనుకుని దాని వైరు ఊపి చూశాం. తెర వెనక గొట్టంలో దీపపు తీగ ఎర్రగా వెలుగుతూనే ఉంది. తెరకు ప్రాణముంది, దానికి కబురే అందడం లేదు.

బోర్డుతో పాటు ఒక చిన్న పుస్తకం వచ్చింది. తైవాన్‌లో అచ్చయింది. దాని ఇంగ్లీషు చూస్తే నాకు చేతిలోకి ఎర్ర పెన్సిల్ వచ్చేట్టుండేది. "నీ పనే కదా ఇది, దిద్దు," అని బావ నా మీదికి విసిరేశాడు. దిద్దకుండా చదవడం నాకు కష్టమే అయింది కానీ, ఒకచోట స్పీకరు మాట వచ్చింది. ఏదైనా భాగం సరిగా లేకపోతే బోర్డు కూత పెట్టి చెబుతుందట. బావ స్పీకరు తగిలించలేదు. పాటలు వినడానికనుకుని పక్కన పెట్టేశాడు. తగిలించి స్విచ్చు వేస్తే, ఒక పొడుగు కూత, వెంట పొట్టి కూతలు.

పుస్తకం ప్రకారం ఆ కూతకు అర్థం, తెర కార్డు "బాగా కూర్చోలేదు" అని.

బావ కార్డు పీకి మళ్ళీ కూర్చోబెట్టాడు. కూత. పక్క గాడిలో పెట్టాడు. కూత. నా రబ్బరుతో కార్డు అంచు రుద్దాడు. కూత. "కార్డు చచ్చింది. అంగడివాడు చచ్చిన కార్డు అంటగట్టినాడు," అని తేల్చేశాడు. అంగడి మూసేసి ఆ వ్యాపారి ఎప్పుడో దేశం దాటిపోయాడు. నాకెందుకో అది నమ్మబుద్ధి కాలేదు. మొదట దొరికిన వాణ్ణే దోషి అని అచ్చువేస్తే మరునాడు సవరణ వేసుకోవాల్సి వస్తుందని మా డెస్కు మీద అందరికీ తెలుసు.

అంతలో ఇండియావాళ్ళను చేరవేసే బస్సుల్లో మా వంతు వచ్చిందని కబురు. రెండు రోజుల్లో సాల్మియాలోని ఒక స్కూలు దగ్గర బస్సు ఎక్కాలి. మనిషికో చేతిసంచి, కుటుంబానికో పెట్టె.

ఆ కబురు తెచ్చినవాడు కింద అంతస్తులో ఉండే డ్రైవరు. జగిత్యాల వైపు మనిషి. నీళ్ళ డబ్బాలు వేసే వ్యాను నడిపేవాడు. కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, పారిపోతూ వ్యాను తాళాలు వాడికిచ్చి పోయాడు. మమ్మల్ని బస్సు దాకా దింపుతానన్నాడు. తను మాత్రం ఇప్పుడే రాడు. వాడి తమ్ముడు ఎడారిలో గొర్రెలు కాసే పనిలో ఉన్నాడు, వాడి జాడ తెలిసేదాకా కదలనన్నాడు.

వాడి ఎదుటే అక్కా బావా పెట్టె కోసం పోట్లాడుకున్నారు.

"ఊర్లో దిగినంక ఏం తింటాము? నా మిషనుంటే మర్నాటికి నాలుగు జాకెట్లు కుడతా," అంది అక్క.

"కడపలో కుట్టుమిషన్లు లేవా? ఇట్లాంటిది ఒక్కటి చూపీ! పిల్లోళ్ళకు నేర్పిస్తే బతుకంతా కూర్చుని తినొచ్చు."

"నేర్పీడానికి ముందు అది లేవాల కదబ్బా! మూడుదినాల నుంచి కూస్తానే ఉండాది, కోడి మాదిరి."

డ్రైవరు పకపకా నవ్వాడు. "గట్లయితె ఒక పని జెయ్యున్రి. నేను వ్యాన్ తెచ్చేలోపట అది నడిస్తె అది, లేకుంటె వదినె మిషిను. ఖలాస్."

"నడవడమంటే ఏంది? ఫ్యాను తిరిగితే నడిచిందంటాడు ఈయన," అంది అక్క.

"ఊకె కూత వెడితె లెక్కలకు రాదు. తెర మీద అచ్చరం కనవడాలె. నేనే పెద్దమనిషిని, నేనే చూస్త."

బావ ఒప్పుకున్నాడు. అక్కా ఒప్పుకుంది. ఆమె అప్పటికే గెలిచినట్టు కుట్టుమిషన్ తలను బల్ల మీంచి విప్పి, పాత చీరలు చుట్టి, పెట్టెలో సర్ది తలుపు దగ్గర పెట్టేసింది.

చివరి ఉదయం. ఎలాగూ పోతున్నాం, ఇంకా చీకటెందుకని నేను కిటికీ కాగితాలు చింపేశాను. ఎన్నో రోజుల తర్వాత హాల్లోకి ఎండ ఏటవాలుగా పడింది. బావ డబ్బా మూత తీసి ఆఖరిసారిగా కార్డు పీకుతున్నాడు. ఆ ఎండ నేరుగా బోర్డు గాడిలోకి దిగింది. గాడి నలుపు, సన్నం, లోతు. బల్బు కింద అడుగు ఎప్పుడూ కనపడలేదు. ఇప్పుడు దాని అడుగున పసుప్పచ్చగా ఏదో ఉంది.

నేను ముక్కు ఆనించేంత దగ్గరగా వంగాను. చూపు కంటే ముందు వాసన తగిలింది. ఆముదం.

"అక్కా," అన్నాను. "పప్పుకు ఆముదం పట్టించావా?"

"పట్టీకుంటే పురుగు పడదా? అంత పప్పు కొంటిమి కదా, తీరిగ్గా కూర్చుని బాగా పట్టించినా. ఏమి?"

గాడిలో ఉన్నది కందిబద్ద. పక్కవాటుగా జారి అడుగున ఇరుక్కుంది. మెరుపు సంచి మూతి బావ దారంతో కట్టాడు గానీ, సైనికుడు చెయ్యి దూర్చి కలిపినప్పుడో ఎప్పుడో దారం వదులై పప్పు లోపలికి పోయింది. బయటికి తీశాక బోర్డు తలకిందులు చేసి దులిపాం, రాలినవి రాలాయి. ఇది రాలలేదు. దాని మీద కార్డు కూర్చుంటే ఒక కొన ఎత్తుగా నిలిచేది. పక్క గాడిలో బద్ద లేదు కానీ ఆముదమూ పప్పుపిండీ కలిసి రాగిరేకుల మీద మైనంలా పేరుకుని ఉంది. కార్డు చావలేదు. వ్యాపారి మోసం చెయ్యలేదు.

బావ నెత్తి పట్టుకున్నాడు. "ఆముదం పట్టించిన పప్పని ఒక్క మాట చెప్పకూడదా నాకు?"

"నువ్వు అడిగితివా? పప్పుడబ్బాలో మిషన్లు పెట్టేవాడు ఉంటాడని నాకేం తెలుసు! ఇంకో మాట చెప్తా విను. ఆ జిడ్డు లేకుంటే వాడు చెయ్యి అడుగుదాకా పెట్టేవాడే. నీ బోర్డు ఈపాటికి బాగ్దాద్‌లో ఉండేది. ఆముదానికి దండం పెట్టుకో."

బావ మీటరు పుల్లతో బద్దను పెళ్ళగించబోయాడు. పుల్ల లావు, గాడిలో దిగలేదు. అక్క లోపలికి పోయి, దుప్పట్లు కుట్టే పెద్ద సూది, ఒక లైనింగు గుడ్డ పీలిక తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"నీకెందుకే? అది నడిస్తే నీ మిషను పోతాది," అన్నాడు బావ.

"పోనీ. అది ఎందుకు కూస్తాందో చూడకుండా పొమ్మంటే నాకూ కాళ్ళు సాగవు."

సూదితో బద్ద వచ్చింది. గుడ్డ పీలికను కొలోన్ సెంటులో ముంచి, అట్టముక్కకు చుట్టి, గాడి లోపల పైకీ కిందికీ తుడిచాడు. కొలోన్, ఆముదం కలిసిన ఆ వాసన ఇల్లంతా పట్టుకుంది. కార్డు పెట్టి నొక్కితే ఈసారి టక్కుమని కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆ చప్పుడు రాలేదని అప్పుడు తెలిసింది. బావ ఎర్ర స్విచ్చు వేశాడు. కూత రాలేదు. తెర మీద, మొదట్లో చెప్పిన ఆ ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి.

డ్రైవరు రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. "ఏందన్నా, హారన్ ఇనవడ్తలేదా? పొద్దెక్కితె చెక్‌పోస్టు కాడ ఆపుతరు. యల్లా!"

"ముందు ఇది చూడు. అక్షరాలు వచ్చినాయి. చెప్పు తీర్పు," అన్నాడు బావ.

వాడు తెర ముందు వంగి చూశాడు. "అచ్చినయ్. ఏమంటున్నయ్ సారూ?"

"డిస్కు పెట్టమంటున్నాయి," అన్నాను.

"పెట్టున్రి."

"అహ్మది ఆఫీసులో ఉండిపోయింది."

"మరెట్ల?"

"అదే నేనూ అడిగేది," అంది అక్క. "ఆకలో అని ఏడ్చేదాన్ని పట్టుకుని పని చేస్తాండాది అంటారా ఎవరన్నా?"

"ఏడుస్తాందంటే పానముండాదనే కదమ్మే!" అన్నాడు బావ.

డ్రైవరు వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అన్న మాటా నిజమే, వదినె మాటా నిజమే. మొగుడు పెండ్లాల నడుమ నన్నెందుకు వట్టి నలుపుతరు? అచ్చరమని జెప్పిన గని, అచ్చరం గిట్ల తిరిగి మననే అడుగుతదని నాకేమెర్క?"

అక్కే ముందు తగ్గింది. "పోనీలే. మాటంటే మాట. అక్షరం వచ్చింది. ఆపి కట్టు, పోదాం," అంది. వంగి పెట్టె మూత తీసి, కుట్టుమిషన్ చుట్టిన చీరల ముడి విప్పసాగింది.

బావ ఎర్ర స్విచ్చు మీద చెయ్యి పెట్టాడు. నొక్కలేదు. నా వైపు తిరిగాడు.

"ఆపితే మళ్ళా లేస్తాదంటావా?"

నిజం చెప్పాలి కదా. గాడి మూలల్లో ఆముదం ఇంకా ఉండొచ్చు. ఒకసారి లేచిందంటే బాగైందని కాదు. "తెలీదు బావా," అన్నాను.

ఆయన ఆ గీతనే చూశాడు. ఆరుతోంది, వెలుగుతోంది. స్విచ్చు మీంచి చెయ్యి తీసేశాడు.

"ఇప్పుడు నడుస్తాండాది," అన్నాడు. అంతే. వంగి అక్క చేతిలోంచి ముడి తీసుకుని మళ్ళీ బిగించాడు. మూత వేసి, కుట్టుమిషన్ పెట్టెను భుజానికెత్తుకుని మెట్లు దిగాడు.

అక్క ఇల్లంతా తిరిగి గ్యాసు కట్టింది, ఫ్రిజ్ ఆపింది, లైట్లు తీసేసింది. కంప్యూటర్ ప్లగ్గు దగ్గరికి వచ్చి ఒక క్షణం నిలబడింది. ముట్టుకోకుండా వచ్చేసి తలుపు తాళం వేసింది.

సాల్మియాలో బస్సు ఎక్కేముందు బావ ఇంటి తాళంచెవి డ్రైవరు చేతిలో పెట్టాడు. "తీర్పు పోతే పోయింది. ఒక్క పని చెయ్యి. రేపో ఎల్లుండో పోయి దాన్ని ఆపు. కొంచెంసేపు ఆగి మళ్ళా వెయ్యి. లేచిందా, కూసిందా, అంతే చెప్పు నాకు."

"చెప్త అన్నా. తమ్ముడు దొర్కంగనే నేనూ బయల్దేర్త. అమ్మాన్‌ల కలుద్దాం," అన్నాడు వాడు.

జోర్డాన్‌లో గుడారాల మధ్య, విమానం దొరికేదాకా, వచ్చిన ప్రతి బస్సు దగ్గరికీ బావ పోయి నిలబడేవాడు. జగిత్యాల వాళ్ళు, నిజామాబాద్ వాళ్ళు చాలామంది దిగారు. వాడు దిగలేదు. వాడి తమ్ముడూ దిగలేదు.

కడపలో అక్క చెప్పినట్టే కుట్టింది. బావ కొన్నాళ్ళు ఊరికే ఉండి, తర్వాత రేడియోలూ మీటర్లూ బాగుచేసే గది పెట్టుకున్నాడు. కొన్నేళ్ళకు నేను మళ్ళీ కువైట్ ఉద్యోగానికి పోయాను. మొదటి సెలవు రోజున ఫహాహీల్ పోయి పాత భవనం మెట్లెక్కాను. తలుపు కొత్తది. లోపల ఉన్న కుటుంబం మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇచ్చింది. వాళ్ళు వచ్చేనాటికి ఇల్లు ఖాళీగా ఉందట, బల్ల కూడా లేదట. డ్రైవరు గురించి తెలుగువాళ్ళు చేరే చోటల్లా అడిగాను. అమెరికా యుద్ధానికి దిగకముందే ఊరు చేరాడని ఒకరన్నారు, తమ్ముణ్ణి వెతుక్కుంటూ ఇరాక్ సరిహద్దు వైపు పోయాడని మరొకరన్నారు. ఇద్దరిలో ఎవరూ కళ్ళారా చూసినవాళ్ళు కారు.

బావకు ఇద్దరి మాటలూ రాశాను. ఆ కంప్యూటర్‌ను ఎవరు ఆపారో, ఆపాక అది మళ్ళీ లేచిందో లేదో మాకు తెలియదు.